రిజిస్టరులో లేకపోతే మనిషే లేనట్టా?



ఈసారి రాత కొంచెం పొడుగు. కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదవండి. వచ్చే నెల సర్వసభ్య సమావేశానికి వచ్చేవాళ్లు మాత్రం చివరిదాకా చదవాలని నా మనవి.

మన సభ్యుల రిజిస్టరును కంప్యూటరులోకి ఎక్కించే విషయం ఆ సమావేశంలో తీర్మానానికి వస్తోంది. రెడీమేడ్ యాప్ ఒకటి దొరుకుతుంది, ఒకే ఫారం, ఒకే షీటు, అంతా అందులో నింపేస్తే పని అయిపోతుంది అని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. నేను యాప్ వద్దనలేదు. కొనేముందు రెండు నెలలు కూర్చుని, ఏ పట్టికలో ఏముండాలో కాగితం మీద గీసుకుందాం అన్నాను. అంతే. దానికి గ్రూపులో ఒక అబ్బాయి, చెన్నైలో డేటాబేసు ఉద్యోగం చేసేవాడు, ఇలా రాశాడు: "మామా, అదంతా కాలేజీ థియరీ. ఉద్యోగంలో ఎవరూ వాడరు. టూల్ తెలిస్తే చాలు."

ఆ అబ్బాయి మంచివాడు. మన పిల్లల చదువుకు ఆదివారాలు ఖర్చు పెడతాడు. అందుకే కోపంగా కాకుండా ఓపిగ్గా జవాబు చెబుదామని కూర్చున్నాను. నా మాట ఒక్కటే: డేటాబేసు పని చేసేవాడికి ఆ థియరీయే అసలు పనిముట్టు. అది లేకపోతే నష్టపోయేది కంప్యూటరు కాదు, మనుషులు.

నేనేం పెద్ద ఇంజనీరుని కాను. రైల్వేలో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యాను. ఎక్కువ కాలం జీతాల బిల్లుల దగ్గరే గడిచింది. చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నాకు బడి నేర్పలేదు. అంబులిమామ, చందమామ పక్కపక్కన పెట్టుకుని, బొమ్మ ఒకటే కాబట్టి కథా ఒకటే అని కూడబలుక్కుని నేర్చుకున్నాను. నా తెలుగులో తమిళ వాసన వస్తే సర్దుకోండి. ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు సాయంత్రం క్లాసుకు పోయి డిప్లొమా చదివాను. ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, డిక్షనరీ ఒక పక్క. ఒక్కో పేజీకి ఒక్కో రాత్రి పట్టేది. మెల్లగా చదివినందువల్లనేమో, ఆ పాఠాలు ఇంకా గుర్తున్నాయి.

గుర్తుండీ నేను తప్పు చేశాను. ముందు అది చెప్పాలి.

సంఘం రిజిస్టరును తొలిసారి ఎక్సెల్ షీటులో పెట్టింది నేనే. ఒక సభ్యుడికి ఒక వరుస. అందులోనే పేరు, ఇంటిపేరు, వీధి, ఫోను, భార్య పేరు, పిల్లల పేర్లు, చందా, చదువు సహాయం, అన్నీ. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఒక సభ్యుడు కాలం చేశారు. చందా కట్టవలసినవాళ్ల లెక్క తేలాలని ఆయన వరుస తీసేశాను. రెండేళ్ల తర్వాత ఆయన భార్య కూతురి చదువు సహాయం కోసం అర్జీ పెట్టుకున్నారు. కమిటీ షీటులో వెతికింది. ఆవిడ పేరు లేదు, కూతురి పేరు లేదు. "రిజిస్టరులో లేదమ్మా" అని చెప్పి పంపించారు. నాకు తెలిసేసరికి ఆ ఏటి సహాయం పంచేశారు. ఆ ఏడాది ఫీజు కోసం ఆవిడ గాజులు తాకట్టు పెట్టారు.

ఆ కుటుంబాన్ని ఎవరూ కావాలని తీసెయ్యలేదు. నేను ఒక మనిషి చందాను తీసేశాననుకున్నాను. ఆ వరుసలో ఆయనతో పాటు ఒక ఇల్లు మొత్తం కూర్చుని ఉందని మరిచిపోయాను. ఈ తప్పుకు పుస్తకాల్లో పేరుంది. దాన్ని తొలగింపు చిక్కు అందాం. రెండు సంగతులు ఒకే వరుసలో కట్టేసి ఉంటే, ఒకటి చెరిపినప్పుడు రెండోది కూడా పోతుంది.

దానికి ఇద్దరు తోబుట్టువులు కూడా ఉన్నారు. ఒకటి చేర్పు చిక్కు. కొత్తగా ఒక వీధిలో శాఖ పెట్టాలనుకున్నాం. అక్కడ సభ్యుడెవరూ చేరేదాకా ఆ శాఖ పేరు రాసే చోటే నా షీటులో లేదు. రెండోది మార్పు చిక్కు. ఒకే ఇంట్లో తండ్రి, ఇద్దరు కొడుకులు సభ్యులైతే ఆ ఇంటి చిరునామా మూడు వరుసల్లో ఉంటుంది. ఇల్లు మారినప్పుడు రెండు చోట్ల దిద్ది మూడోది మరిస్తే, వాళ్లు ఎక్కడుంటున్నారో షీటే రెండు రకాలుగా చెబుతుంది. ఏది నిజమో చెప్పటానికి మళ్లీ మనిషే వెళ్లి తలుపు తట్టాలి.

ఈ మూడు చిక్కులూ రాకుండా పట్టికలు ఎలా విడదీయాలో చెప్పేదే నార్మలైజేషన్. పేరు విని భయపడొద్దు. ఒక పట్టిక దేని గురించో ముందు తేల్చుకో, ఆ వరుసలో రాసేదంతా దాని గురించే అయ్యుండాలి, ఒక సంగతి ఒకచోటే రాయాలి. ఇల్లు గురించి ఒక పట్టిక, మనిషి గురించి ఒకటి, చందా గురించి ఒకటి. చందా వరుస పోయినా మనిషి ఉంటాడు. మనిషి పోయినా ఇల్లు ఉంటుంది.

ఇంత మామూలు సంగతికి థియరీ దేనికి అని అడగొచ్చు. అది రాకముందు ఎలా ఉండేదో చూస్తే తెలుస్తుంది.

1960లలో పెద్ద కంపెనీల సమాచారం కంప్యూటరులో చెట్టు కొమ్మల్లాగా, గొలుసుల్లాగా ఉండేది. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన అపోలో పనిలో లక్షల విడిభాగాల లెక్క పెట్టటానికి ఐ.బి.ఎం. వాళ్లు కలిసి తయారుచేసిన ఐ.ఎం.ఎస్. అలాంటిదే. పనిచేసేది, బాగానే పనిచేసేది. కానీ ఒక సంగతి కావాలంటే ఏ కొమ్మ ఎక్కి, ఏ గొలుసు పట్టుకుని, ఎక్కడ దిగాలో ప్రోగ్రాము రాసేవాడే చెప్పాలి. కొమ్మ మార్చితే ప్రోగ్రాము మళ్లీ రాసుకోవాలి. ఇలాంటి గొలుసు పద్ధతికి ఆద్యుడైన చార్ల్స్ బాక్‌మన్‌కు 1973లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ప్రోగ్రామరు అంటే ఓడ నడిపే నావికుడి లాంటివాడని ఆయన ఆ సభలో ప్రసంగించారు.

దానికి మూడేళ్ల ముందే, 1970 జూన్‌లో, ఐ.బి.ఎం.లోనే పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే గణితం చదివిన ఇంగ్లీషాయన ఒక చిన్న వ్యాసం అచ్చువేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపిన మనిషి. ఆయన చెప్పింది తలకిందులు: సమాచారం అడిగేవాడికి దారి తెలియనక్కర్లేదు. ఏం కావాలో చెప్పాలి. ఎలా తేవాలో యంత్రం చూసుకోవాలి.

మన తిరుచ్చి వాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. ఇక్కణ్ణించి విల్లుపురం పోవడానికి అరియలూరు మీదుగా కార్డ్ లైను ఉంది, తంజావూరు, మాయవరం మీదుగా మెయిన్ లైను ఉంది. ప్రయాణికుడు విల్లుపురం అని చెబుతాడు. ఏ సిగ్నలు ఎప్పుడు ఇవ్వాలో, ఏ ప్లాట్‌ఫారం మీదికి తేవాలో కంట్రోలు చూసుకుంటుంది. రేపు పట్టాలు మార్చినా ప్రయాణికుడు తన ఊరి పేరు మార్చుకోనక్కర్లేదు. కాడ్ కోరింది ఇదే. లోపల సమాచారం ఎలా దాచినా, బయట అడిగే ప్రశ్న మారకూడదు. ఈరోజు మీరు ఒక ఇండెక్సు చేర్చి రిపోర్టును పదింతలు వేగంగా తెప్పిస్తున్నారంటే, ఆ ప్రశ్న ఒక్క అక్షరం మార్చకుండానే అది జరుగుతోందంటే, అది ఆ వ్యాసం పుణ్యం.

ఆయన కంపెనీ మాత్రం తొందరపడలేదు. పాత సరుకు బాగా అమ్ముడుపోతోంది కదా. అక్కడి పరిశోధకులు సిస్టం ఆర్ కట్టారు. 1974లో చేంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు ఎస్.క్యు.ఎల్.కు తల్లిలాంటి భాషను బయటపెట్టారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్రెస్ తయారైంది. ఆ వ్యాసాలు చదువుకున్న బయటి కుర్రాళ్లు 1979లో ఒరాకిల్‌ను అమ్మకానికి పెట్టారు. ఐ.బి.ఎం. తన సొంత సరుకును 1981లో గానీ బజారుకు తేలేదు. కాడ్‌కు ట్యూరింగ్ అవార్డు వచ్చింది కూడా ఆ 1981లోనే.

ఇక్కడ ఒక మాట. రిలేషనల్ అంటే పట్టికల మధ్య సంబంధాలు అని చాలామంది, ఉద్యోగంలో ఉన్నవాళ్లు కూడా అనుకుంటారు. మన వాళ్లకు సంబంధం అనగానే పెళ్లిచూపులు గుర్తొస్తాయి కాబట్టి ఇంకా సులువుగా పొరబడతాం. అది కాదు. గణితంలో రిలేషన్ అంటే ఒక రకమైన సమితి. పట్టికే ఆ రిలేషన్. సమితి కాబట్టి ఒకే వరుస రెండుసార్లు ఉండదు, ఏది ముందు ఏది వెనుక అన్న క్రమం ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి వరుసా ఒక నిజమైన వాక్యం. చందా పట్టికలో 118, 2023, 500 అని ఉందంటే, "118వ నంబరు సభ్యుడు 2023వ సంవత్సరానికి 500 రూపాయలు చందా కట్టాడు" అని సంఘం సంతకం పెట్టి చెప్పినట్టు. ఆ వాక్యం ఏమిటో తెలియకుండా కాలమ్‌లు గీసేవాడు, ఏం రాస్తున్నాడో తెలియకుండా సంతకం పెట్టేవాడితో సమానం.

దీనికి రెండో సగం ఉంది. పట్టికలో లేని వాక్యం అబద్ధం అని మనం అనుకుంటాం. 118 పక్కన 2024 లేదు కాబట్టి కట్టలేదు అంటాం. ఇలా అనుకోవడం తప్పు కాదు, ఇది లేకపోతే ఏ రిజిస్టరూ పనికిరాదు. కానీ ఆ హక్కు ఊరికే రాదు. నిజమైనవన్నీ ఎక్కించామని నమ్మకం ఉన్నప్పుడే "ఇందులో లేదు కాబట్టి లేదు" అనాలి. ఆ తల్లికి మనం చెప్పిన మాట అదే. చెప్పే హక్కు మనకు లేదు.

ఇప్పుడు మనిషిని గుర్తుపట్టే సంగతి. దీన్నే కీ అంటారు. మన జాతికి ఇది పెద్ద తలనొప్పి.

మనకు ఇంటిపేరు ఉంది. బడి రికార్డులో అది పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనిషియల్‌గా మిగిలింది. మన రిజిస్టరులో ఆర్. శ్రీనివాసన్‌లు నలుగురున్నారు. ఇది ఒక వైపు. రెండో వైపు చూడండి. తమిళంలో ప, బ రెండిటికీ ఒకటే అక్షరం. క, గ లకూ అంతే. బాలరాజు తమిళంలో రాసి, తమిళం నుంచి ఇంకొకరు తెలుగులోకి ఎక్కిస్తే పాలరాజు అవుతాడు. మన రిజిస్టరులో ఒకే మనిషి బాలరాజుగా ఒకసారి, పాలరాజుగా ఒకసారి ఉన్నాడు. రెండుసార్లు బాకీ నోటీసు వెళ్లింది. పాపం, ఒకసారి కట్టి, రెండోదానికి సంఘం ఆఫీసుకు వచ్చి నవ్వుతూ నిలబడ్డాడు.

"దానికేముంది మామా, యాప్ ప్రతి ఎంట్రీకి తనే ఒక నంబరు ఇస్తుంది" అంటారు. ఇస్తుంది. బాలరాజుకు 212 ఇస్తుంది, పాలరాజుకు 347 ఇస్తుంది. నంబర్లు రెండూ వేరే కాబట్టి దానికి ఏ తప్పూ కనిపించదు. యంత్రం ఇచ్చే నంబరు వరుసను గుర్తుపడుతుంది, మనిషిని కాదు. మనిషిని గుర్తుపట్టేది ఏమిటో మనమే కూర్చుని తేల్చి, అవి రెండోసారి రాకుండా కట్టుదిట్టం చెయ్యాలి. నంబరు ఆ తర్వాత.

రైల్వేలో ఉన్నవాడికి ఇది రక్తంలో ఉంటుంది. పి.ఎన్.ఆర్. పది అంకెల నంబరు. దానితో ప్రయాణికుణ్ణి గుర్తుపట్టగలమా? లేదు. ఒక పి.ఎన్.ఆర్. మీద ఆరుగురి దాకా ఉండొచ్చు. నంబరు, అందులో ఎన్నోవాడు, రెండూ కలిస్తేనే మనిషి. 12637 అంటే పాండియన్ ఎక్స్‌ప్రెస్. కానీ అది రోజూ బయలుదేరుతుంది. ఏ రోజు బయలుదేరిన 12637 అని చెప్పాలి. అది చెన్నైలో రాత్రి బయలుదేరి తిరుచ్చికి అర్ధరాత్రి దాటి వస్తుంది. కాబట్టి బండి తేదీ వేరు, తిరుచ్చిలో మనం ఎక్కే తేదీ వేరు. ఈ తేడా తెలియక ప్లాట్‌ఫారం మీద ఒకరోజు ముందో వెనకో వచ్చి నిలబడ్డవాళ్లు ఎందరో. తేదీ అని ఒక కాలమ్ గీస్తే సరిపోదు, ఏ తేదీ అని అడగాలి. అలా అడగటం నేర్పేది థియరీ.

ఇక ఖాళీ గడి కథ. ఇది పోయిన ఏడు మన సంఘంలోనే జరిగింది. ఎవర్నీ వేలెత్తి చూపడానికి చెప్పట్లేదు.

సభ్యులు 412 మంది. చందా 500. వార్షిక సమావేశానికి ముందు, కట్టనివాళ్ల జాబితా తియ్యమని ఒక తమ్ముడికి చెప్పారు. చందా పట్టికలో ఈ ఏడాది వచ్చిన సభ్యుల నంబర్లు తీసుకో, ఆ నంబర్లలో లేని సభ్యుల పేర్లు చూపించు అని ఎస్.క్యు.ఎల్.లో నాట్ ఇన్ పెట్టి రాశాడు. చదివితే ముత్యాల్లా ఉంది. జవాబు వచ్చింది: సున్నా పేర్లు. కట్టనివాడు ఒక్కడూ లేడు! కమిటీలో చప్పట్లు కొట్టారు. నేను పాస్‌బుక్ తీశాను. అందరూ కడితే 2,06,000 ఉండాలి. ఉన్నది 1,31,500. అంటే 263 చందాలు. 149 ఎక్కడ?

సాఫ్ట్‌వేరులో లోపం అనుకుని మూడు రోజులు వెతికారు. లోపం లేదు. ఉగాది పూజ నాడు ఎవరో 500 కవరులో పెట్టి హుండీలో వేశారు. కవరు మీద చందా అని ఉంది, పేరు లేదు. ఎక్కించినవాళ్లు సభ్యుడి నంబరు గడి ఖాళీగా వదిలేశారు. దాన్నే నల్ అంటారు. ఇప్పుడు యంత్రాన్ని అడిగాం: 5వ నంబరు ఈ జాబితాలో లేడు కదా? అది చూసింది. కనబడే నంబర్లలో లేడు. కానీ ఒకచోట ఎవరో తెలియని మనిషి ఉన్నాడు. ఆ మనిషి 5వ నంబరే కావచ్చు. కాబట్టి "లేడు" అని నేను చెప్పలేను, "తెలియదు" అంది. 6వ నంబరుకూ అదే మాట. కట్టనివాళ్లందరికీ అదే మాట. కచ్చితంగా నిజం అన్న వరుసల్నే ఎస్.క్యు.ఎల్. చూపిస్తుంది, తెలియదు అన్నవాటిని చూపించదు. అందుకే సున్నా. ఒక్క ఖాళీ గడి మొత్తం బాకీని మింగేసింది.

నిజం, అబద్ధం, తెలియదు, ఈ మూడింటితో నడిచే తర్కం అది. నల్‌ను ఈ నమూనాలోకి తెచ్చింది కాడ్. ఆయనతో కలిసి ఈ విద్యను లోకానికి చేర్చిన క్రిస్ డేట్ మాత్రం నల్ వద్దే వద్దని ఏళ్ల తరబడి వాదించాడు. పెద్దవాళ్లు ఆ వాదన ఏదో కాలక్షేపానికి చెయ్యలేదు. మన సంఘం కమిటీ చప్పట్లు కొట్టింది ఆ వాదన వినకే.

ఎలా సరిచేశామో కూడా చెప్పాలి. రైల్వే లెక్కల్లో ఎవరి తాలూకో తేలని డబ్బును సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. తేలాక తీసి సరైన పద్దులో రాస్తాం. అలాగే పేరు తెలియని రాబడికి వేరే పట్టిక పెట్టించాను. చందా పట్టికలో సభ్యుడి నంబరు ఖాళీగా వదలకూడదు, ఆ నంబరు సభ్యుల పట్టికలో ఉండి తీరాలి అని కట్టుబాటు పెట్టించాను. అప్పుడు అదే ప్రశ్న వేస్తే 150 పేర్లు వచ్చాయి. 149 కాదు, 150. ఆ ఒక్కరు కవరులో వేసినవారు. మైకులో అడిగితే ఒక పెద్దావిడ చెయ్యెత్తారు.

ఇక ఎదురు మాటలు. వాటిలోనూ నిజం ఉంది, కాదనను.

"1970 నాటి సంగతి, ఇప్పుడు నో ఎస్.క్యు.ఎల్. వచ్చింది" అంటారు. వచ్చింది. గూగుల్ 2006లో బిగ్‌టేబుల్ గురించి, అమెజాన్ 2007లో డైనమో గురించి వ్యాసాలు రాశాయి. వాళ్ల బాధ వేరు. వేల యంత్రాల మీద పరుచుకున్న సమాచారం ఒక్క క్షణం కూడా ఆగకూడదు. దానికోసం కొన్ని సౌకర్యాలు తెలిసి వదులుకున్నారు. ఆ గూగులే తర్వాత స్పానర్ కట్టి అందులో ఎస్.క్యు.ఎల్. తెచ్చుకుంది. మాంగోడీబీ 2018లో పలు పత్రాల మీద ఒకేసారి నడిచే లావాదేవీలు చేర్చింది. వదిలేసినవాళ్లే వెతుక్కుంటూ వెనక్కి వచ్చారు. మనకేమో 412 మంది సభ్యులు. మనం వదులుకోవలసిన అవసరం ఏమిటి?

"వేగం కోసం కొన్నిచోట్ల ఒకే సంగతి రెండుసార్లు రాయాల్సి వస్తుంది" అంటారు. వస్తుంది. ఆఫీసులో నకలు ఉంచుకోమా? ఉంచుతాం. కానీ నకలు మీద నకలు అని ముద్ర ఉంటుంది, అసలు ఏ ఫైలులో ఉందో రాసి ఉంటుంది. ఏది అసలో తెలిసినవాడు నకలు తీస్తే వేగం. తెలియనివాడు తీస్తే గందరగోళం.

"ఇప్పుడు ఏ.ఐ. అన్నీ రాసిపెడుతుంది" అంటారు. రాస్తుంది, నేనూ చూశాను. ఆ తమ్ముడు రాసిన ప్రశ్న కూడా చక్కగా ఉంది, ఎర్ర అక్షరాల్లో ఏ తప్పూ చూపించలేదు. జవాబు సున్నా అని వచ్చినప్పుడు చప్పట్లు కొట్టాలా, పాస్‌బుక్ తియ్యాలా అన్నది తెలియాలి కదా. ప్రశ్న రాసేది ఎవరైనా కానీ, ఆ తెలివి మన దగ్గర ఉండాలి.

అందుకే ఆ అబ్బాయికి నేను చెప్పేది ఇది. నాయనా, నువ్వు ఈరోజు వాడే టూల్ పదేళ్ల తర్వాత ఉండకపోవచ్చు. నేను నేర్చుకున్న టూళ్లు ఒక్కటీ లేవు. ఫ్లాపీలు పోయాయి, ఆ నల్ల తెరలు పోయాయి. కీ అంటే ఏమిటి, వరుస అంటే ఏ వాక్యం, ఖాళీ అంటే ఏమని అర్థం, ఈ మూడూ మాత్రం నేను చదివిన రోజు ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి. బ్యాంకులో, ఆసుపత్రిలో, రేషను కార్డులో నువ్వు గీసే పట్టికకు అవతల ఇలాంటి తల్లులే క్యూలో నిలబడి ఉంటారు. వాళ్లకు నీ టూల్ పేరు తెలియదు. "లేదు" అన్న మాట ఒక్కటే వినబడుతుంది.

సమావేశంలో నేను పెట్టబోయే కోరికలు ఇవి. ఏ యాప్ అయినా సరే, మనుషులు, ఇళ్లు, చందాలు, సహాయాలు వేరువేరు పట్టికలుగా ఉండాలి. ఎవరి వరుసా తీసెయ్యకూడదు, కాలం చేసిన తేదీనో, మానుకున్న తేదీనో రాయాలి. పేరు తెలుగులో, తమిళంలో రెండిటా రాయాలి. దాంతో పాటు ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం చూసి, పాత వరుసలతో పోల్చి, అప్పుడే కొత్త నంబరు ఇవ్వాలి. ఖాళీ గడికి అర్థం లేదా, తెలియదా, వర్తించదా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఆఖరిది యంత్రానికి కాదు, మన కమిటీకి. రిజిస్టరులో లేదన్న ఒక్క కారణంతో ఏ అర్జీనీ తిప్పి పంపకూడదు. ముందు ఒకరు ఆ ఇంటికి వెళ్లి చూసి రావాలి.

ఆ కుటుంబానికి మరుసటి ఏడాది సహాయం అందింది. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. పండక్కి ఎదురైతే "బాగున్నారా అన్నయ్యా" అని పలకరిస్తారు. అందుకే ఇదంతా రాశాను.

రెండు నెలలు ఇవ్వండి. కాగితం, పెన్సిలు నేను తెస్తాను. ఆ అబ్బాయి కూడా వచ్చి నా పక్కన కూర్చోవాలని అడుగుతున్నాను. నాకు తెలియని కొత్త సంగతులు అతనికి చాలా తెలుసు.

ఉంటాను.
మీ పాత గుమాస్తా, తిరుచ్చి